లిబ్రివాక్స్‌లో చరిత్ర, ప్రయాణం, ప్రాణగండం: ఒక శ్రోత సమీక్ష

హక్కుల గడువు తీరిన పుస్తకాలను స్వచ్ఛందంగా చదివి రికార్డు చేసి, ఎవరైనా ఉచితంగా వినేందుకు వీలుగా అందించే సేవ లిబ్రివాక్స్. కెనడాలోని మాంట్రియల్ నగరంలో 2005లో హ్యూ మెక్‌గ్వైర్ దీనిని ప్రారంభించాడు. దీనికి చందా లేదు, వినడానికి పేరు నమోదు చేసుకోవలసిన అవసరమూ లేదు. ఇందులోని వేలాది పుస్తకాలలో నవలలు, కవిత్వం, తత్త్వశాస్త్రం అన్నీ ఉన్నప్పటికీ, ఈ సమీక్షను చరిత్ర, దూరప్రయాణాలు, చావు అంచుదాకా వెళ్లి వచ్చినవారి వృత్తాంతాలు అనే మూడింటికే పరిమితం చేస్తున్నాను. ఒంగోలు నుంచి నెల్లూరుకు ఉద్యోగం కోసం రైలులో వెళ్లి వచ్చే నాకు ఈ సుమారు 120 కిలోమీటర్ల దూరం ఈ పుస్తకాల వల్లనే ఇష్టమైన సమయంగా మారింది. సేవకు ఉన్న పరిమితులను కూడా చెబుతాను గాని, ముందుగా నా తీర్పు ఇది: ఈ మూడు రకాల పుస్తకాలను అచ్చులో చదవడం కంటే వినడమే మేలు, ఆ వినడానికి లిబ్రివాక్స్ తగిన చోటు.

ఈ మాట అనడానికి నా దగ్గర ఒక కారణం ఉంది. ఈ కోవకు చెందిన గొప్ప పుస్తకాలలో కొన్ని రాయకముందే నోటితో చెప్పినవి. మార్కో పోలో తన ప్రయాణాలను 1298లో జెనోవా చెరసాలలో తోటి ఖైదీ అయిన పీసా నగరవాసి రుస్టికెల్లోకు చెప్పగా, ఆయన వాటిని గ్రంథస్థం చేశాడు. అంటార్కిటికా మంచులో ఓడను పోగొట్టుకున్న ఎర్నెస్ట్ షాకిల్టన్ తన అనుభవాన్ని ఎడ్వర్డ్ సాండర్స్ అనే పాత్రికేయునికి నోటితో చెప్పి రాయించాడు. చైనా యాత్రికుడు ఫాహియాన్ స్వదేశం చేరిన తరువాత, అతని అనుభవాలను వివరంగా చెప్పమని ఒకరు పట్టుబట్టి అడిగిన సంగతి అతని గ్రంథం చివరనే ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషికి చెబుతున్నప్పుడు వాక్యం ఎక్కడ ఆగుతుందో, ఏ వివరం రెండోసారి వస్తుందో, ఏది చెప్పకుండా దాటిపోతుందో ఆ లక్షణాలన్నీ ఈ పుస్తకాలలో మిగిలి ఉన్నాయి. కంటితో చదివేటప్పుడు ఆ పునరుక్తి విసుగు అనిపించవచ్చు. చెవికి మాత్రం అది ఊపిరి తీసుకునే చోటు.

నేను అందరికంటే ముందుగా సూచించేది షాకిల్టన్ రచించిన ‘సౌత్’. 1919లో వెలువడిన ఈ పుస్తకంలోని సంఘటనలు చాలామందికి తెలిసినవే. అంటార్కిటికా ఖండాన్ని అడ్డంగా దాటాలన్న షాకిల్టన్ సంకల్పంతో ‘ఎండ్యూరెన్స్’ ఓడ 1914 డిసెంబరు 5న సౌత్ జార్జియా దీవి నుంచి బయలుదేరింది. జనవరిలో వెడ్డెల్ సముద్రపు మంచులో చిక్కుకుంది. నెలల తరబడి మంచు దానిని నలుపుతూ పోగా, 1915 అక్టోబరు 27న ఇరవై ఎనిమిది మందీ ఓడను విడిచి మంచు ఫలకం మీదకు దిగారు. నవంబరు 21న ఓడ మునిగిపోయింది. ఆ తరువాత 1916 ఏప్రిల్ దాకా వాళ్లు తేలుతున్న మంచు మీదనే కాపురం ఉన్నారు. ఇంత కథనూ ఒక పేరాలో చెప్పవచ్చు, ఇప్పుడు నేను చెప్పినట్టు. అయితే పుస్తకం వింటున్నవారికి ఆ నెలలు అలా గడవవు. అచ్చు పుస్తకంలో మంచు మీది దినచర్య, గాలి వీచిన దిక్కు, ఆ రోజు దొరికిన సీలు మాంసం గురించిన పేజీలను వేగంగా దాటి పడవల ప్రయాణానికి వెళ్లిపోవచ్చు. గొంతు మనకు ఆ వెసులుబాటు ఇవ్వదు. అది తన వేగంతోనే సాగుతుంది. సింగరాయకొండ, ఉలవపాడు, కావలి స్టేషన్లు ఒకటొకటిగా వెనక్కి పోతున్నా ఆ మనుషులు అదే మంచు ఫలకం మీద, అదే గుడారంలో ఉంటారు. నిరీక్షణ అనేది ఈ పుస్తకంలో అసలు విషయమని, పడవ ప్రయాణం దానికి చివరి భాగం మాత్రమేనని వినడం వల్లనే నాకు అర్థమైంది.

పడవ ప్రయాణం కూడా తక్కువది కాదు. మంచు విరిగాక మూడు పడవలలో ఎలిఫెంట్ దీవి చేరిన తరువాత, ఆ మార్గంలో ఎవరూ రారని తెలిసి, షాకిల్టన్ మరో ఐదుగురిని వెంటబెట్టుకుని ‘జేమ్స్ కెయిర్డ్’ అనే ఇరవై రెండున్నర అడుగుల పడవలో ఏప్రిల్ 24న బయలుదేరాడు. వడ్రంగి మెక్‌నీష్ స్లెడ్జ్ బండ్ల కమ్మీలు, పెట్టెల మూతలు, గుడ్డ కలిపి దానికి పైకప్పు వంటిది అమర్చాడు. చిత్రకారుని తైలవర్ణాలు, సీలు రక్తం కలిపి సందులు పూడ్చారు. సుమారు ఎనిమిది వందల నాటికల్ మైళ్ల దూరం. సూర్యుడు కనిపించిన ఆ కొద్ది నిమిషాలలో, ఎగిరిపడుతున్న పడవలో ఒకరు పట్టుకుని నిలబెడితే, ఓడ కెప్టెన్ వోర్స్‌లే సూర్యుని ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్‌తో కొలతలు తీసుకుని దారి లెక్కగట్టేవాడు. మే 10న సౌత్ జార్జియా ఒడ్డు చేరారు. చేరినది దీవికి మనుషులు లేని వైపు గనుక, షాకిల్టన్, వోర్స్‌లే, క్రీన్ అనే ముగ్గురు అప్పటివరకు ఎవరూ దాటని కొండలను సుమారు ముప్పై ఆరు గంటలలో దాటి తిమింగల వేటగాళ్ల స్థావరానికి నడిచి వెళ్లారు.

ఈ పడవ అధ్యాయాన్ని నేను విన్న తరువాత కొత్తపట్నంలో, జీవితమంతా వేటకు వెళ్లి ఇప్పుడు ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు తెలుగులో చెప్పాను. మంచుకొండల గురించి గాని, షాకిల్టన్ ధైర్యం గురించి గాని ఆయన ఏమీ అడగలేదు. “మంచినీళ్లు ఎట్టా తీసుకుపోయినారు నాయనా?” అన్నదే ఆయన మొదటి ప్రశ్న. రెండు పీపాలలో తీసుకుపోయారని, వాటిలో ఒకటి పడవను నీటిలోకి దింపేటప్పుడు దెబ్బతిని ఉప్పునీరు కలిసిందని చెప్పాను. ఆయన కాసేపు వల పక్కన పెట్టి, “అయితే కడాకు నాలుక వాచిపోయి ఉంటాది” అన్నాడు. పుస్తకంలో సరిగ్గా అదే ఉంది. చివరి రోజులలో దాహంతో వాళ్ల నోళ్లు ఎండిపోయి, నాలుకలు వాచాయి. పడవ అడుగున రాళ్ల బరువు ఎంత వేశారని ఆయన రెండో ప్రశ్న వేశాడు. చాలా బరువే వేశారని చెబితే, “తక్కువైతే బోర్లా పడుద్ది, ఎక్కువైతే అల లోపలికొస్తది” అని ఆయన నాకు చేత్తో చూపించి వివరించాడు. గుడ్డ కప్పు మీద పేరుకున్న మంచును ఒకరి తరువాత ఒకరు పాకుతూ వెళ్లి గొడ్డలితో కొట్టి తీసేవారన్న సంగతికి మాత్రం ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఈ సంభాషణ తరువాత ఆ అధ్యాయాన్ని మళ్లీ విన్నాను. మొదటిసారి నా చెవిని దాటిపోయిన నీళ్ల పీపా ఈసారి ఆ అధ్యాయమంతటా వినిపించింది.

‘సౌత్’ విషయంలో ఒక హెచ్చరిక కూడా అవసరం. ఎలిఫెంట్ దీవిలో తలకిందులు చేసిన రెండు పడవల కింద ఎదురుచూసిన ఇరవై ఇద్దరినీ, మూడు ప్రయత్నాలు విఫలమైన తరువాత, చిలీకి చెందిన ‘యెల్చో’ అనే చిన్న ఓడ 1916 ఆగస్టు 30న రక్షించింది. అందరూ బతికారని చెప్పుకునే కథ ఇక్కడితో ఆగిపోతుంది. పుస్తకం ఆగదు. ఖండానికి అవతలి వైపున, షాకిల్టన్ దాటి వస్తాడన్న నమ్మకంతో అతని కోసం దారి పొడవునా ఆహారపు నిల్వలు పెట్టిన రాస్ సముద్రపు బృందం కథ ఆ తరువాత వస్తుంది. అందులో ముగ్గురు చనిపోయారు. వాళ్లు పెట్టిన నిల్వలను వాడుకోవడానికి ఎవరూ రానే లేదు. చాలామంది శ్రోతలు రక్షణ ఘట్టం దగ్గర పుస్తకాన్ని ఆపేస్తారని నా అనుమానం. దయచేసి ఆపవద్దు.

ఇదే మంచు ఖండానికి చెందిన మరో పుస్తకం, ఆప్స్లీ చెరీ-గారార్డ్ 1922లో ప్రచురించిన ‘ద వరస్ట్ జర్నీ ఇన్ ద వరల్డ్’. చక్రవర్తి పెంగ్విన్ గుడ్ల కోసం 1911 శీతాకాలపు నిరంతర చీకటిలో విల్సన్, బవర్స్, చెరీ-గారార్డ్ చేసిన ఐదు వారాల ప్రయాణం దీనికి గుండెకాయ. ఉష్ణోగ్రత మైనస్ అరవై డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది. ఒక ఉదయం గుడారం నుంచి బయటకు వచ్చి తల ఎత్తి చూసేలోపల చెరీ-గారార్డ్ బట్టలు గడ్డకట్టి, ఆ తల ఎత్తిన భంగిమలోనే గంటల తరబడి బండి లాగవలసి వచ్చింది. వణుకుతో పళ్లు కొట్టుకుని పగిలిపోయాయి. గాలికి గుడారం ఎగిరిపోయి, అది దొరకకపోతే చావు ఖాయమైన స్థితిలో, ఆశ్చర్యంగా దొరికింది. చివరికి వాళ్లు తెచ్చినవి మూడు గుడ్లు. రోహిణి కార్తెలో నెల్లూరు స్టేషన్ ప్లాట్‌ఫాం మీద, వడగాలికి ఇనుప బెంచీ కూడా కాలిపోతున్న వేళ ఈ అధ్యాయం విన్నప్పుడు, నా ఒంటికి చల్లదనం తెలియలేదు. ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు ఎంత మర్యాదగా మాట్లాడుకున్నారో మాత్రం స్పష్టంగా తెలిసింది. అంత కష్టంలో కూడా “దయచేసి”, “కృతజ్ఞతలు” అన్న మాటలను వాళ్లు విడవలేదని రచయిత ప్రత్యేకంగా చెబుతాడు. మరుసటి సంవత్సరం విల్సన్, బవర్స్ ఇద్దరూ యాత్ర నాయకుడు స్కాట్‌తో పాటు దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ మరణించారు. వారి గుడారాన్ని కనుగొన్న బృందంలో చెరీ-గారార్డ్ ఉన్నాడు. ఆ సంగతి తెలిసి వింటే, స్నేహితుల మర్యాద గురించిన ఆ వాక్యాలను అతను ఎందుకంత జాగ్రత్తగా రాసిపెట్టాడో బోధపడుతుంది.

ఇంగ్లీషు వినడం అంతగా అలవాటు లేనివారు ఈ రెండింటితో కాకుండా జాషువా స్లోకమ్ రచించిన ‘సెయిలింగ్ అలోన్ అరౌండ్ ద వరల్డ్’తో మొదలుపెట్టడం మంచిది. వాక్యాలు చిన్నవి, మాట నిదానం. ఒంటరిగా ఓడలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన మొదటి మనిషి స్లోకమ్. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి బయలుదేరి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరాడు. తిరిగిన దూరం 46,000 మైళ్లకు పైమాటే. ‘స్ప్రే’ అనే ఆ ఓడ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. పొలంలో పడి ఉన్న పాత ఓడను పదమూడు నెలలు శ్రమించి, 553 డాలర్ల 62 సెంట్ల ఖర్చుతో తన చేతులతోనే తిరిగి కట్టుకున్నాడు. లక్షల మైళ్ల సముద్రానుభవం ఉన్న ఈ మనిషికి ఈత రాదు.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే ప్రీతిపాత్రమైన ఘట్టం అజోర్స్ దీవులు దాటిన తరువాత వస్తుంది. అక్కడివారు ఇచ్చిన రేగుపండ్ల వంటి పండ్లు, తెల్ల జున్ను కలిపి తిన్న స్లోకమ్ కడుపునొప్పితో స్పృహ తప్పి, గదిలో నేల మీద పడిపోయాడు. బయట తుపాను. కళ్లు తెరిచి చూస్తే చుక్కాని దగ్గర ఒక పొడవాటి మనిషి నిలబడి ఉన్నాడు. తాను కొలంబస్ ఓడలలో ఒకటైన ‘పింటా’ చోదకుణ్ణని, నిశ్చింతగా పడుకోమని అతను చెప్పాడు. తెల్లవారి చూసుకుంటే ఓడ సరైన దారిలోనే తొంభై మైళ్లు నడిచింది. స్లోకమ్ దీనిని నమ్మమని మనలను బతిమాలడు, తానే తోసిపుచ్చడు కూడా. ఆ మధ్యస్థమైన స్వరాన్ని చదివేవారు పట్టుకోగలిగితే చాలు, ఆ రాత్రి మొత్తం కళ్లకు కడుతుంది. టియెర్రా డెల్ ఫ్యూగో దగ్గర రాత్రి వేళ ఓడపైకి దొంగతనంగా ఎక్కేవారు రాకుండా డెక్ మీద మేకులు చల్లి నిద్రపోయిన ఘట్టం కూడా వినడానికి బాగుంటుంది. ఆ రోజుల్లో అక్కడి స్థానిక జాతుల గురించి పాశ్చాత్యులు రాసిన తీరు ఇప్పుడు మనకు మింగుడుపడదు, స్లోకమ్ కూడా దానికి మినహాయింపు కాడు. పాత పుస్తకాలు వినేవారు ఈ సంగతిని ముందే తెలుసుకుని ఉండాలి.

ఇక మన నేలకు సంబంధించిన పుస్తకం దగ్గరకు వస్తాను. మార్కో పోలో ప్రయాణాలకు హెన్రీ యూల్ చేసిన ఆంగ్లానువాదంలో మూడవ పుస్తకాన్ని వింటూ ఉంటే ‘ముట్‌ఫిలి’ అనే రాజ్యం వస్తుంది. అది మన మోటుపల్లి. చినగంజాం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఈ ఊరు 2022లో జిల్లాల విభజన జరిగేదాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. కాకతీయులకు అది ప్రధాన రేవు. న్యాయాన్ని, శాంతిని ప్రేమించే ఒక రాణి ఆ రాజ్యాన్ని నలభై ఏళ్లుగా పాలిస్తున్నదని, ప్రజలు ఆమెను ఎంతో అభిమానిస్తారని మార్కో పోలో చెప్పాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. భర్త పోయిన తరువాత రాజ్యం చేపట్టిన రాణి అని అతను విన్నాడు. నిజానికి ఆమె గణపతిదేవుని కుమార్తె, తండ్రి నుంచి సింహాసనం పొందింది. రేవులో వర్తకుల నోట విన్న మాటలు ఇలా కొంత నిజం, కొంత పొరపాటు కలిసి వెనిస్ దాకా ప్రయాణించాయి.

వజ్రాల ప్రస్తావన కూడా అక్కడే ఉంది. వానల తరువాత వాగుల అడుగున వజ్రాలు దొరుకుతాయన్నది నమ్మదగిన మాటే, కృష్ణా తీరపు గనులకు తరువాతి శతాబ్దాలలో వచ్చిన పేరు అందరికీ తెలిసినదే. ఆ వెంటనే, పాములున్న లోయలలోకి మాంసపు ముక్కలు విసిరితే వజ్రాలు వాటికి అంటుకుంటాయని, తెల్లని గద్దలు ఆ మాంసాన్ని పైకి తెస్తాయని, మనుషులు గద్దలను తరిమి వజ్రాలు ఏరుకుంటారని మరో కథ వస్తుంది. సింద్‌బాద్ కథలలోనూ ఇటువంటిదే వినిపిస్తుంది. కంటితో చదివేటప్పుడు ఏది చూసినది, ఏది విన్నది అని పెన్సిలుతో గీత పెట్టి విడదీయాలనిపిస్తుంది. వింటున్నప్పుడు ఒకే గొంతు రెండింటినీ ఒకే నిశ్చయంతో చెబుతుంది గనుక, ఆనాటి శ్రోతలు ఈ మాటలను ఎలా స్వీకరించి ఉంటారో మనం అనుభవించగలం. అక్కడ నేసే సన్నని నూలు వస్త్రాలు సాలెగూడు దారాల వలె ఉంటాయని, ఏ రాజైనా వాటిని ధరించడానికి ఇష్టపడతాడని చెప్పిన వాక్యం దగ్గర నేను రికార్డింగును ఆపి, వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. చీరాల, వేటపాలెం మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవారు ఎవరైనా అలాగే ఆపుతారు.

ఈ అధ్యాయాన్ని వినేవారు దానితో పాటు మోటుపల్లి వీరభద్రాలయంలోని అభయశాసనాన్ని కూడా గుర్తు చేసుకోవాలని నా మనవి. 1244లో గణపతిదేవుడు వేయించిన ఆ శాసనం ప్రాణగండాల కథలకు అవతలి వైపును చూపిస్తుంది. తుపానుకు దారి తప్పి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాము మాత్రం సముద్రయానపు అపాయానికి ఎదురొడ్డి వచ్చిన వర్తకుల నుంచి ముప్పైలో ఒక వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోమని అందులో రాజు హామీ ఇచ్చాడు. ఓడ పగిలినవాడు ఒడ్డుకు చేరడంతో గండం గడిచినట్టు కాదు, ఒడ్డున ఎవరున్నారన్నది కూడా అంతే ముఖ్యం. షాకిల్టన్ గడ్డం పెరిగి, మసిబారిన ముఖంతో తిమింగల వేటగాళ్ల స్థావరపు తలుపు తట్టినప్పుడు లోపలివారు అన్నం పెట్టి, స్నానానికి నీళ్లు పెట్టారు. మోటుపల్లి రేవులో రాతి మీద చెక్కి మాట ఇచ్చింది కూడా అటువంటి ఆదరణే.

ఫాహియాన్ యాత్ర చిన్న పుస్తకం. క్రీ.శ. 399లో చాంగాన్ నుంచి బయలుదేరి ఎడారి దాటేటప్పుడు దారి గుర్తులుగా చనిపోయినవారి ఎముకలు తప్ప ఏమీ లేవని అతను చెప్పిన చోటు, తిరుగు ప్రయాణంలో ఓడకు చిల్లుపడి సరుకంతా సముద్రంలో పారేస్తున్నప్పుడు తాను సేకరించిన గ్రంథాలను కూడా ఎక్కడ విసిరేస్తారో అని భయపడిన చోటు తప్పక వినాలి. తిరుగుబాటుకు గురైన నౌకాధికారి బ్లై 1789లో పద్దెనిమిది మందితో ఇరవై మూడు అడుగుల పడవలో తిమోర్ దాకా చేసిన ప్రయాణం కూడా ఈ కోవలోనిదే. కొబ్బరి చిప్పల తక్కెడలో తుపాకీ గుండును తూకపురాయిగా వేసి రొట్టె పంచిన వివరాలు ఉన్న ఆ వృత్తాంతం, కథనం కంటే లెక్కల పుస్తకానికి దగ్గరగా ఉంటుంది. దానిని ఒకే విడతగా కాకుండా కొంచెం కొంచెంగా వింటేనే బాగుంటుంది.

ఇప్పుడు సేవ గురించి. లిబ్రివాక్స్‌లో చదివేవారికి గాత్రపరీక్ష ద్వారా ఎంపిక ఉండదు. ఎవరైనా చదవవచ్చు. మాటలు జారిపోయాయా, వాక్యాలు రెండుసార్లు వచ్చాయా అని మరొక స్వచ్ఛంద సేవకుడు విని సరిచూస్తాడు గాని, గొంతు బాగుందా, ఉచ్చారణ ఏ దేశానిది అన్నది పట్టించుకోరు. అందువల్ల ఒక పుస్తకం వినగానే ప్రాణం లేచి వచ్చేంత బాగుంటే, మరొకటి కార్యాలయంలో ఉత్తర్వు చదివినట్టు ఉంటుంది. ఒకే మనిషి మొదటి నుంచి చివరి దాకా చదివినవి, అధ్యాయానికి ఒకరు చొప్పున పంచుకుని చదివినవి రెండు రకాలూ ఉన్నాయి. చరిత్ర పుస్తకమైతే గొంతులు మారినా నష్టం లేదు. ప్రాణగండపు వృత్తాంతాలలో మాత్రం “నేను” అని చెబుతున్న మనిషి గొంతు మధ్యలో మారిపోతే మనసు తెగిపోతుంది. అందుచేత షాకిల్టన్, స్లోకమ్ వంటి వాటికి ఒకే గొంతు ఉన్న రికార్డింగునే ఎంచుకోవాలి. ఒకే పుస్తకానికి ఒకటికి మించిన రికార్డింగులు ఉన్నప్పుడు, మొదటి అధ్యాయం కాకుండా మధ్యలోని ఒక అధ్యాయాన్ని కాసేపు విని నిర్ణయించుకోండి. మొదటి అధ్యాయంలో అందరూ జాగ్రత్తగానే చదువుతారు.

ఫైళ్లు ఎంపీ3 రూపంలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంటాయి. 64 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు సుమారు 29 ఎంబీ అవుతుంది గనుక, పదిహేను గంటల పుస్తకం కూడా 430 ఎంబీకి అటూ ఇటూగా సరిపోతుంది. మాట వినడానికి ఆ నాణ్యత చాలు. ఇంట్లో ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే బిట్రగుంట దాటిన తరువాత సిగ్నల్ ఉన్నా లేకపోయినా ఇబ్బంది లేదు. ప్రతి అధ్యాయం మొదట ఇది లిబ్రివాక్స్ రికార్డింగు అనే ప్రకటన వస్తుంది. వరుసగా వినేవారికి అది కొంత అడ్డంకి, కానీ ఉచితంగా చదివి ఇచ్చినవారు చెప్పుకునే ఆ ఒక్క మాటను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పటాలు లేకపోవడం అంతకంటే పెద్ద లోటు. ‘సౌత్’ వినడానికి ముందు వెడ్డెల్ సముద్రం, ఎలిఫెంట్ దీవి, సౌత్ జార్జియా ఎక్కడెక్కడ ఉన్నాయో పటంలో ఒకసారి చూసుకోకపోతే, ఆ చిన్న పడవ ఎంత దూరం వెళ్లిందో అందదు. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం మాత్రం ఎంత గొప్ప పుస్తకమైనా తగని పని.

ఈ రికార్డింగులు కూడా ఎవరి హక్కులకూ లోబడనివే కావడం వల్ల, వాటిని కాపీ చేసి ఎవరికైనా ఇవ్వవచ్చు. దీని విలువ మా పెదనాయన వల్ల నాకు బాగా తెలిసింది. ఉపాధ్యాయునిగా పనిచేసి, నీటికాసుల వల్ల చూపు మందగించి, చదవడం మానుకున్న ఆయనకు మెమరీ కార్డు వేసుకునే చిన్న రేడియోలో స్లోకమ్ పుస్తకాన్ని ఎక్కించి ఇచ్చాను. ఫోను తెర మీద వేలు జరపవలసిన పని లేకుండా, ఒక్క మీట నొక్కితే పాడే ఆ పెట్టె ఆయనకు సరిపోయింది. ఇప్పుడు నేను వెళ్లినప్పుడల్లా “ఇంకేం పుస్తకం తెచ్చావురా అబ్బయ్యా?” అన్నదే ఆయన మొదటి పలకరింపు. చూపు తగ్గిన పెద్దలు ఇంట్లో ఉన్నవారు ఈ పని చేయడానికి ఒక సాయంత్రం చాలు.

లిబ్రివాక్స్‌లో అధిక భాగం ఇంగ్లీషు పుస్తకాలదే. తెలుగు శ్రోతగా నాకున్న అసంతృప్తి ఇది, అయితే ఇది సేవలోని లోపం కాదు. ఏ భాషలో చదివినా వారు స్వీకరిస్తారు, చదివేవారే ముందుకు రావాలి. మొదట ఏ పుస్తకం చదవాలి అని ఎవరైనా అడిగితే నా సమాధానం సిద్ధంగా ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. తిరుగు ప్రయాణంలో పూరీ నుంచి మన కోస్తా వెంట దిగివచ్చాడు. దారిలో తాను చూసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపుతూ వచ్చాడు. అదే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. ఏ ఊళ్లో ఏ సరుకులు దొరుకుతాయి, ఏ నది ఎలా దాటాలి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అన్న వివరాలతో, ఎదుటి మనిషికి చెబుతున్నట్టు సాగే ఆ రచన చెవికోసమే పుట్టినట్టుంటుంది.

దీనికి కావలసినవి పెద్దవేమీ కావు. చప్పుడు లేని గది, ఒక మోస్తరు మైకు, ఉచితంగా దొరికే ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్ ఉంటే సరిపోతుంది. మొదట ఒక నిమిషం నమూనా రికార్డు చేసి పంపితే, శబ్దం స్థాయి, వెనుక వినిపించే రొద సరిగా ఉన్నాయో లేదో వారు విని చెబుతారు. తరువాత ఒకరు ఒక్క అధ్యాయమైనా తీసుకోవచ్చు. ఒంగోలు, కావలి, నెల్లూరులలో స్పష్టమైన ఉచ్చారణతో చదవగల తెలుగు ఉపాధ్యాయులు, రంగస్థల నటులు ఎందరో ఉన్నారు. వారిలో నలుగురైదుగురు అధ్యాయాలు పంచుకుంటే, కోస్తా వెంట సాగిన ఆ తిరుగు ప్రయాణపు భాగం వరకైనా ముందుగా పూర్తవుతుంది. నా వంతుగా, ఎవరు చదివినా ఆ రికార్డింగును అచ్చు ప్రతితో పోల్చి విని, తప్పులు సరిచూసే పనికి నేను సిద్ధంగా ఉన్నాను.